గింజ మందం

రాత్రి తొమ్మిదింబావు.
స్లూయిజు మీద నేనూ, టార్చిలైటూ, పన్నెండు తలుపులూ.
మూడు రోజుల వాన పెదకోడు నిండా వచ్చి
తలుపులకి నెత్తి ఆనించి నిలబడింది
మొగలోకి పోనివ్వమని.
అవతల సముద్రం ఇంకా ఎత్తులోనే ఉంది,
గేజి పలక మీద పాచి గీత దాటి నాలుగంగుళాలు.
అమావాస్య పోటు.

గట్టు మీద గొడుగులు. గొడుగుల కింద లుంగీలు.
"ఎత్తెయ్యమ్మా నూకరత్నం" అన్నారు గనిరాజుగారు,
"పాలు పట్టిన చేను. రేపటికి కుళ్లిపోద్ది."
ఇప్పుడెత్తితే ఉప్పు లోపలికొస్తుందండీ.
"మరెప్పుడు?"
చంద్రుడు వదిలాక.
వెనక ఎవరో నవ్వారు,
అమావాస్య నాడు చంద్రుడేంటే అని.

ఉన్నాడు. మన కాళ్ల కింద, భూమికి అటువైపు.
దగ్గర నీటిని కాస్త ఎక్కువ లాగుతాడు,
దూరపు నీటిని కాస్త తక్కువ.
పోటంటే ఆ తేడాయే.
అన్నదమ్ముల పంపకంలో తేడాలాంటిది,
చూస్తే జానెడు ఉండదు, ఊళ్లు మునుగుతాయి.

ఈ ఉద్యోగం నాన్నది.
ఆయనకి లెక్కలు రావు. రిజిస్టరులో మాత్రం
ముప్పయ్యారేళ్లు రాసుకుంటూ పోయాడు,
పోటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమని.
"రోజూ లేటుగా వచ్చే ఆయనకి మెమో లేదు,
ఒక్కపూట లేటయితే నాకిచ్చారు" అనేవాడు.

నాకు డిగ్రీలో ఫిజిక్సు పేపరొకటి మిగిలిపోయింది.
అందులో లెక్క ఒకటి
అమలాపురం బస్సులో, టిక్కెట్టు వెనక చేశాను.
చంద్రుడు సెకనుకి కిలోమీటరు పక్కకి పోతాడు,
ఈ స్లూయిజు నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా.
ఆ సెకన్లోనే మనవైపు పడతాడు కూడా.
ఎంత పడతాడు?
బియ్యపుగింజ మందం.
రెండోసారి చేశాను. అంతే వచ్చింది.
చెట్టు మీది కొబ్బరికాయ
అదే సెకన్లో మూడు నిలువులు దిగిపోతుంది.
ఆయన గింజంత దిగుతాడు, కిలోమీటరు జరుగుతాడు,
మళ్లీ గింజంత.
పడుతూనే ఉంటాడు, చేరడు.
ఆ రోజు నా స్టాపు దాటిపోయింది.

తాడు లేకుండా లాగే చోటుని
పుస్తకంలో క్షేత్రం అన్నారు.
ఆ మాట చదివినప్పుడల్లా నాకు
మడీ, గట్టూ, మూల మీద కొంగా కనపడేవి.
ఈ క్షేత్రానికి గట్లు లేవండీ, అన్నాను గనిరాజుగారితో,
హద్దురాళ్లు లేవు.
దూరం రెట్టింపయితే శిస్తు నాలుగో వంతవుతుంది,
ఇంకా దూరం పోతే ఇంకా తగ్గుతుంది,
ఎక్కడికి పోయినా మాఫీ మాత్రం ఉండదు.
గింజ సంగతీ చెప్పాను.

ఆయన జేబులోంచి కంకి తీసి
బొటనవేలి గోరుతో నొక్కారు.
తెల్లగా చుక్క.
"నా గింజ గురించి అడిగితే
నీ గింజ గురించి చెప్తావేంటమ్మా.
ఇదింకా గింజ అవలేదు."

నేనేం మాట్లాడలేదు.
వాన సన్నబడింది. ఒకళ్లిద్దరు ఇళ్లకి పోయారు.

పదకొండూ యాభై.
తలుపు అవతల గుర్రపుడెక్క ముక్క ఒకటి
ఇందాకటి దాకా నా వైపు వస్తున్నది
ఆగింది.
చాలాసేపు అక్కడే తిరిగింది, ఎవరూ పిలవనట్టు.
తర్వాత మొగవైపు కదిలింది.

మొదటి తలుపు ఎత్తాను.
కింద నుంచి నీళ్లు అరుచుకుంటూ పోయాయి.
రెండు. మూడు.
"ఎంతసేపు పోద్ది?"
తెల్లారేదాకా. మళ్లీ పోటొచ్చేలోపు.

ఆరో తలుపు దగ్గర అడిగారు,
"అలా పడతా పడతా, ఎప్పటికైనా
మన మీద పడిపోతాడా ఆయన?"
లేదండీ. ఈ నీళ్ల రాపిడికి
ఏడాదికి అంగుళంన్నర దూరం పోతున్నాడు.

కాసేపు తడి బీడీ వంక చూసుకుని
"అయితే మనకి శిస్తు తగ్గుద్దన్నమాట" అన్నారు.
ఆయ్, తగ్గుద్దండి, అన్నాను.

ఏడో తలుపు తుప్పుపట్టి కదల్లేదు.
హ్యాండిలుకి చెరోవైపూ పట్టుకుని
ఇద్దరం తిప్పాం.